పన్నెండో రికార్డు వెనక వైపు

పెట్టె ఎలా ఉండాలో మొదటి వారమంతా భార్యాభర్తలిద్దరూ కలిసే ఊహించారు.

ఆయన ఒకప్పుడు రాక్ బ్యాండులో గాయకుడు. ఐదేళ్లలో పన్నెండు సింగిల్స్ తెచ్చారు, ముందు ఒక పాట, వెనక ఒక పాట. బ్యాండు చెదిరిపోయి ముప్ఫై రెండేళ్లయింది. ఇప్పుడేమో పాత రికార్డులు తిరిగి వేసే కంపెనీ ఒకటి వాటన్నిటినీ ఒకే పెట్టెలో తెస్తామంది. మీ మనసులో ఉన్న పెట్టె ఎలాంటిదో రాసి పంపమంది.

ఆమె చెప్పుల డబ్బా అట్ట కోసి నమూనా పెట్టె చేసింది. వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు.

"రంగు నలుపు," అన్నాడాయన.

"నలుపు మీద వేలిముద్రలు పడతాయి. ముదురు నీలం."

"కొనుక్కున్నవాడు పాట వింటాడా, పెట్టె తుడుస్తాడా?"

"తుడిచేది వాడి పెళ్లాం. అందుకే నీలం."

నవ్వుకున్నారు. ప్రతి రికార్డూ పాత కాగితపు సంచీలోనే ఉండాలనుకున్నారు. విడుదలైన వరసే వరస. బాగా అమ్ముడైనవి ముందు పెడదామని ఆయన అంటే, ఆమె ఒప్పుకోలేదు.

గురువారం కంపెనీ ఎడిటర్ అమ్మాయి ఫోన్ చేసింది. ఆయన స్పీకర్ పెట్టాడు.

"అసలు టేపులు దొరకలేదు అంకుల్. మీ దగ్గరున్న రికార్డుల నుంచే తీస్తాం. రేపు కొరియర్ వాళ్లని పంపిస్తాను, ఇచ్చెయ్యండి. మా మిషన్లు చూస్తే ఆశ్చర్యపోతారు! గీతల రొద పోతుంది, అడుగున పడిపోయిన సన్న చప్పుళ్లు పైకొస్తాయి. పాటకి ముందు ఎవరైనా గొంతు సవరించుకున్నా వినబడుతుంది."

"మాటలు కూడానా?"

"మాటలైతే అచ్చు పక్కన కూర్చుని మాట్లాడినట్టే!"

ఆయన నమూనా పెట్టెకు అంటించిన నీలం కాగితం వంక చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రం అన్నం దగ్గర, "పదకొండు చాలు. ఆ చివరిది వద్దు," అన్నాడు.

"డజను గుడ్లకు డబ్బు తీసుకుని పదకొండు ఇచ్చి పంపితే ఊరుకుంటారా మీరు?"

"పన్నెండోది కుళ్లినదైతే ఊరుకుంటాను."

అది హాస్యంలా లేదు. ఆమె మజ్జిగ వడ్డించింది.

పన్నెండో రికార్డంటే ఆమెకీ గిట్టదు. బ్యాండులో డ్రమ్స్ వాయించినవాడు ఆమె సొంత అన్నయ్య. ఆ రికార్డు సగంలో ఉండగా అన్నయ్య ఒక శుక్రవారం గొడవపడి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడట. ఆదివారం చెరువు పక్క తోట ఇంట్లో, అద్దెకు తెచ్చిన మనిషితో ఆ రికార్డు పూర్తి చేశారట. ముప్ఫై రెండేళ్లుగా ఆమె విన్నది అదే. అన్నయ్య నుంచి ఉత్తరం ముక్క రాలేదు. అమ్మ పోయినా రాలేదు. అన్నయ్య పీట మీద ఎవడో కూర్చుని వాయించిన పాట తనెందుకు వినాలని, ఆ రికార్డును ఆమె ఒక్కసారి కూడా పెట్టలేదు.

మర్నాడు పొద్దున్న ఆమె లేచేసరికి ఆయన బీరువా ముందు చతికిలబడి రికార్డులన్నీ నేల మీద పరిచేశాడు. అంత పొద్దున్నే ఆయన లేవడం ఆమె ఎన్నడూ ఎరగదు.

"పన్నెండోదేదీ?"

"ఉంటుంది. ఎక్కడికి పోతుంది?"

నిజానికి అది వంటింటి సొరుగులో, కొలత టేపు పక్కనే ఉంది. సంచీ మందం కొలవడానికి తనే తీసింది. ఆ మాట ఎందుకు చెప్పలేదో ఆమెకే తెలియదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన మంచం కింద కూడా చూశాడు. చూసి చూసి, పది గంటలకు క్షవరానికి వెళ్లాడు.

ఆమె రికార్డు తీసి, మెత్తని గుడ్డతో తుడిచి, ప్లేయర్ మీద పెట్టింది. ముందు వైపు పియానో, ఆయన గొంతు. డ్రమ్స్ లేనే లేవు. తిప్పింది. మొదట బుస్సుమని రొద. చప్పుడంతా పెంచి, స్పీకర్‌కి చెవి ఆనించింది.

పీట కిర్రుమంది. ఆ వెనకే, బావి అడుగు నుంచి వచ్చినట్టు ఒక గొంతు.

"ఆదివారం పూట కూడా వదలవా బావా?" చిన్న నవ్వు. "సరే, కానీ. ఒకటి, రెండు, మూడు..."

నాలుగు లేదు. ఎప్పుడూ ఉండదు. చిన్నప్పుడు గిన్నెల మూతలు బోర్లించి వాయించేటప్పుడు అన్నయ్య మూడు వరకే లెక్కపెట్టేవాడు. నాలుగోది చెల్లెలి చప్పట్టు. ఇప్పుడు కూడా ఆమె చేతులు వాటంతటవే కలిశాయి. ఆ వెంటనే డ్రమ్స్ విరుచుకుపడ్డాయి.

పాట రెండున్నర నిమిషాలు. ఆమె తొమ్మిదిసార్లు వింది. మొదటిసారి ఏడుపొచ్చింది. ఆ తర్వాత రాలేదు. చివరిసారి విన్నాక రికార్డును సంచీలో దూర్చి, మిగతా పదకొండిటి మీద పెట్టింది.

ఆయన తిరిగొచ్చేసరికి పన్నెండు దాటింది. మెడ మీద పౌడరు, కాలరు మీద తెల్ల వెంట్రుకలు.

"కొరియర్ వాళ్లు వచ్చారా?"

"వచ్చారు. తీసుకెళ్లారు."

"ఎన్ని?"

"పన్నెండు."

ఆయన కేకలు వేస్తాడనుకుంది. వేయలేదు. కుర్చీ లాక్కుని, ఆమెకు ఎదురుగా నెమ్మదిగా కూర్చున్నాడు.

"విన్నావా?"

"విన్నాను. ఆ అద్దె మనిషి పేరేంటండీ?"

"ఇన్నేళ్లయింది. ఎవడికి గుర్తు?"

"అద్దె మనిషి మిమ్మల్ని బావా అన్నాడు."

ఆయన కాలరు మీది వెంట్రుకను తీసి, బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు.

"ఆ ఆదివారం తోట ఇంటికి ఐదుగురం వెళ్లాం. నలుగురం వచ్చాం. ఆ నలుగురిలో ముగ్గురు ఈ ఏళ్లలో పోయారు, నేనొక్కణ్ణే మిగిలాను. ఇంతవరకే అడుగు. ఇంతవరకైతే నువ్వూ నేనూ ఈ ఇంట్లో ఇలాగే ఉండొచ్చు."

పెళ్లయిన కొత్తలో ఆమెను నిద్రపుచ్చడానికి పాడిన గొంతే అది. అంతే మెత్తగా ఉంది.

"మా అమ్మ చివరి రోజు కూడా వాణ్ణే అడిగింది," అందామె. "మీరు పక్కనే కూర్చుని, వస్తాడత్తయ్యా అన్నారు."

అప్పుడే ఫోన్ మోగింది. ఎడిటర్ అమ్మాయి. పెట్టె మీద వేసే వాయిద్యగాళ్ల పేర్ల జాబితా కోసం చేస్తానని పొద్దున్నే చెప్పింది. ఆయన అరచెయ్యి ఫోన్ మీద పెట్టి, రెండు మోతలు ఆగాడు.

"అద్దె మనిషని చెప్పు. చాలు," అని చెయ్యి తీశాడు.

ఆమె ఫోనెత్తింది.

"ఆంటీ, జాబితాలో ఒక్కటే ఖాళీ. పన్నెండోదాని వెనక వైపు డ్రమ్స్ ఎవరని వేయమంటారు?"

ఆయన లేచాడు. వీధి వైపు కిటికీ మూశాడు. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది, వాన జాడ లేదు. పెరటి కిటికీ కూడా మూసి, గడియ పెట్టాడు.

"మా అన్నయ్య పేరు వెయ్యమ్మా," అందామె. "మొదటి పదకొండిటికీ వేసిన పేరే."

"అంతేనా ఆంటీ?"

ఆయన వీధి తలుపు దగ్గరికి వెళ్లాడు. బోల్టు పైకి జరిగిన చప్పుడు ఫోన్లో ఆ పిల్లకు కూడా వినబడి ఉంటుంది.

"అంతే కాదు. ఫోన్ పెట్టెయ్యకు, ఇంకా ఉంది," అందామె, ఆయన వీపు మీంచి చూపు తిప్పకుండా. "కాగితం తీసుకో. ఆదివారం అని రాసుకో. చెరువు పక్క తోట ఇల్లు అని రాసుకో. రాశావా?"