కత్తెరమ్మ పన్నెండు మాటలు

ఫోన్‌కు ఇస్త్రీ చేసినవాళ్లు లోకంలో ఎంతమంది ఉంటారో తెలియదు గానీ, కత్తెరమ్మ మాత్రం ఒకతె. బల్ల మీద ఫోన్ ఉందన్న సంగతి మరచి దాని మీదే కస్టమర్ చొక్కా పరిచింది. ఉబ్బెత్తుగా కనిపిస్తే మొండి ముడత అనుకుని, ఇస్త్రీ పెట్టెను గట్టిగా అదిమి రెండుసార్లు తిప్పింది. ముడత పోలేదు, ఫోన్ పోయింది. చొక్కాకు చిన్న మచ్చ కూడా అంటలేదంటే అది ఆవిడ పనితనం.

వేరే రోజైతే పీడా పోయిందనుకునేదే. ఆ రోజు మాత్రం గుండె జారిపోయింది, ఎందుకంటే ఆవిడ కొనబోయే కాజాల మెషిన్ ఆ ఫోన్ మీదే ఆధారపడి ఉంది.

ముప్ఫై ఏళ్లుగా చొక్కాలు కుడుతున్న ఆవిడను వీధంతా కత్తెరమ్మ అనే పిలుస్తుంది. కటింగ్‌లో ఆవిడకు సాటి లేదు. కాజాలు, అదే గుండీలు దూరే రంధ్రాలు, మాత్రం ఇప్పటికీ చేత్తోనే కుడుతుంది. చొక్కాకు ఎనిమిది. రోజుకు అయిదు చొక్కాలంటే నలభై. రెండేళ్లుగా పొద్దున లేవగానే కుడిచేతి వేళ్లు మడత పడటం లేదు. టీ గ్లాసు పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి. ఈ మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు, కానీ కాజాల మెషిన్‌ను కలలో కూడా చూస్తోంది.

వెనక వీధి కాజాల మేస్త్రి తన మెషిన్ అమ్మేసి, వేరే దేశంలో చెల్లెలితో కలిసి దుకాణం పెట్టబోతున్నాడు. "నోట్లు మోసుకెళ్లడం నావల్ల కాదమ్మా. నీ దగ్గర ఆ క్రిప్టో కాయిన్లేవో ఉన్నాయన్నావుగా, అవే పంపు. సాయంత్రం ఆరు దాకా చూస్తాను. తర్వాత ఇంకొకాయన కాచుకుని ఉన్నాడు" అన్నాడు.

ఆ కాయిన్లు మూడేళ్ల కిందటివి. ఒక నాటక బృందం మేనేజరు నలభై చొక్కాలు కుట్టించుకుని, కూలిలో సగం అలా ఇచ్చి వెళ్లాడు. అప్పటినుంచి అవి ఆవిడ ఫోన్‌లో నిద్రపోతున్నాయి.

ఇప్పుడు ఆ ఫోన్ అప్పడంలా వంగి, ఫోన్ల రిపేరు షాపు నడిపే మేనకోడలి చేతిలో ఉంది. ఆ పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి నేను చేసేదేం లేదత్తా."

"కాయిన్లు?"

ఆ రోజు సెలవులో ఉన్న కండక్టరు మొగుడుగారు కుర్చీలోంచే తీర్పు చెప్పేశాడు. "పర్సు కాలితే లోపల నోట్లు మిగులుతాయా? దాన్ని వాలెట్ అంటారు. వాలెట్ అంటే పర్సే కదా. అన్నీ కరిగిపోయుంటాయి." ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం ఆయన.

"మామయ్యా, అది పర్సు కాదు, తాళంచెవి" అంది మేనకోడలు. "వాలెట్‌లో ఒక్క కాయిన్ కూడా ఉండదు. ఆ పేరు పెట్టినవాళ్లను అనాలి."

"మరి ఎక్కడుంటాయే?" కత్తెరమ్మకు ప్రాణం సగం లేచొచ్చింది.

మేనకోడలు బల్ల మీదున్న కొలతల పుస్తకం అందుకుంది. "ఇలాంటి పుస్తకంలో ఉంటాయి. ఎవరు ఎవరికి ఎంత పంపారో అందులో రాస్తారు. ఒక పేజీ నిండితే మూసేస్తారు. ఆ పేజీని బ్లాక్ అంటారు. కొత్త పేజీని పాత పేజీ అంచుతో కలిపి కుట్టేస్తారనుకో, అలా ఒకదానికొకటి కలిపితే అదే చైన్."

"అంటే పాత పేజీలో ఒక్క అంకె మార్చాలన్నా తర్వాతి కుట్లన్నీ విప్పాలన్నమాట."

"అంతే!"

"విప్పినా సూది రంధ్రాలు కనపడతాయిలే. అది దాగదు."

మేనకోడలు నవ్వేసింది. కాలేజీలో తాను మూడు నెలలు కుస్తీ పట్టిన సంగతి అత్తకు మూడు నిమిషాల్లో తలకెక్కింది. "పైగా ఆ పుస్తకం ఒకటి కాదత్తా. అచ్చం అలాంటివే వేల కంప్యూటర్లలో ఉంటాయి. ఒకడు దొంగలెక్క రాస్తే మిగతా పుస్తకాలు ఒప్పుకోవు."

"తెలివైన పని. నా పుస్తకం ఒక్కటే ఉంటే దాని మీద మీ మామయ్య టీ ఒలకబోశాడు."

"ఇప్పుడు అవన్నీ ఎందుకు?" అన్నాడు కండక్టరు.

"కాయిన్లు ఎక్కడికీ పోలేదత్తా, ఆ పుస్తకంలోనే నీ అడ్రస్ కింద ఉన్నాయి. అడ్రస్ అంటే మన షాపు బోర్డు లాంటిది. అందరికీ చూపించొచ్చు. తాళంచెవి మాత్రం నీ ఒక్కదానిదే. అది పోయినా మళ్లీ చేసుకోవచ్చు, నీకు పన్నెండు మాటలు ఇచ్చి ఉంటే. చొక్కా చిరిగిపోయినా, దాని ముక్కల ఆకారంలో కోసి పెట్టుకున్న అట్టలుంటే అలాంటిదే ఇంకోటి కత్తిరిస్తావు చూడు, ఆ మాటలు అలాంటి అట్టలే."

అట్టలు అనగానే కత్తెరమ్మ లేచి నిలబడింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఆ పన్నెండు మాటలూ ఆవిడ రాసింది అట్టల మీదే! ఆ రోజు మేనేజరు ఒక్కో మాటా చదివి, ఒక్కో అక్షరం చెబుతుంటే, పని ఆపడం ఇష్టంలేక, చేతిలో ఉన్న చొక్కా అట్ట మీద సుద్దముక్కతో ఒకటి, తర్వాతి అట్ట మీద ఇంకొకటి రాసుకుంటూ పోయింది. చొక్కాకు సరిగ్గా పన్నెండు అట్టలు. తర్వాత చెరిగిపోకుండా పెన్నుతో దిద్దింది కూడా.

గోడ మేకుకు వేలాడుతున్న అట్టల గుత్తిని బల్ల మీద గుమ్మరించింది. మూడేళ్లుగా తీస్తూ పెడుతూ ఉండటంతో అవన్నీ కలగాపులగం అయిపోయాయి.

"వరుస ముఖ్యం అత్తా. ఒక్కటి అటూ ఇటూ అయినా తెరుచుకోదు. నువ్వు చొక్కా ఏ వరుసలో చేస్తావు?"

"అదేం ప్రశ్నే! ముందు జేబు వేస్తాను, తర్వాత పట్టీ, ఆ తర్వాత భుజం..."

"ఆగాగు. మాటలు నాక్కూడా చూపించకు. ఎవరికీ చూపించకూడదు. కొత్త ఫోన్ ఇస్తాను, నువ్వే కొట్టు."

మేనకోడలు వెళ్లి గోడవైపు తిరిగి నిలబడింది. కండక్టరును కూడా లేపి నిలబెట్టింది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని వీధికంతా తెలుసు. ముప్ఫై ఏళ్లు బస్సులో జనాన్ని ముందుకు జరగమన్న మనిషి, ఇప్పుడు గోడకు ముక్కు ఆనించి నిలబడాల్సి వచ్చింది.

కత్తెరమ్మ ఒక్క వేలితో ఒక్కో అక్షరం కొట్టింది. ఆ వేలు నొప్పెట్టింది. ఆనియన్, ల్యాడర్... మిగతావి మీకు కూడా చెప్పను, ఎవరి నోరు ఎలాంటిదో ఎవరికి తెలుసు?

పన్నెండూ అయ్యాక ఫోన్ ఎర్రగా ఏదో చూపించింది. ఈ మాటలు కుదరవంది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. అప్పటికి అయిదు దాటింది.

"ఇక తిరగొచ్చా?" అన్నాడు కండక్టరు.

"నోర్మూసుకుని నిలబడండి!"

కత్తెరమ్మకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే ఆవిడ కూర్చోదు, పని చేస్తుంది. కస్టమర్ ఇచ్చిన నీలం గుడ్డ బల్ల మీద పరిచి, అట్ట తీసి దాని మీద పెట్టి, సుద్దతో గీసింది. వెనక భాగం. తర్వాత కుడి ముందు, ఎడమ ముందు, చెయ్యి. కాలరు అట్ట మీద చెయ్యి పడి, అక్కడే ఆగిపోయింది.

కుట్టేటప్పుడు జేబుతోనే మొదలుపెడుతుంది, నిజమే. కానీ ఆ రోజు కుట్టలేదు, కత్తిరించింది! కత్తిరించేటప్పుడు ఏ దర్జీ అయినా పెద్ద ముక్కలే ముందు వేస్తాడు, చిన్నవి మిగిలిన సందుల్లో సర్దుతాడు. ఆ వరుసలో జేబు చివరి నుంచి రెండోది. అడిగితే నోరు కుట్టు వరుస చెప్పింది, కటింగ్ వరుస చేతికి తెలుసు.

ఈసారి ఆలోచించలేదు. గుడ్డ మీద చెయ్యి ఏ అట్టను పిలిస్తే ఆ మాట కొట్టింది. పన్నెండోది చేతి పట్టీ. ఫోన్‌లో చక్రం ఒక్క క్షణం తిరిగి, తిరిగి, వాలెట్ తెరుచుకుంది.

"ఉన్నాయే! అన్నీ ఉన్నాయే!" అని ఆవిడ అరిచిన అరుపుకు గోడ దగ్గరున్న ఇద్దరూ అనుమతి లేకుండానే తిరిగారు. మూడేళ్లలో వాటి విలువ కూడా పెరిగింది. మెషిన్‌కు సరిపోగా, దాని స్టాండుకు కూడా మిగిలేలా ఉంది.

మేస్త్రి అడ్రస్‌ను మేనకోడలు మొదటి అక్షరం నుంచి చివరిదాకా రెండుసార్లు సరిచూసింది. పక్కన గ్యాస్ ఫీజు అని కనబడగానే కండక్టరు వంటింటివైపు చూశాడు.

"ఆ గ్యాస్ కాదు మామయ్యా. పుస్తకంలో రాసేవాళ్ల కూలి."

"రాసినవాడికి కూలి ఇవ్వాల్సిందే" అని కత్తెరమ్మ మీట నొక్కింది.

తర్వాత ముగ్గురూ ఫోన్ చుట్టూ కూర్చున్నారు. పేజీ మూసుకోవాలి, కుట్టు పడాలి. ఆరుకు పది నిమిషాలుండగా మేస్త్రి ఫోన్ చేశాడు. "వచ్చాయమ్మా! బండి మాట్లాడుతున్నాను, రేపు పొద్దున్నే మెషిన్ మీ గుమ్మంలో ఉంటుంది." కండక్టరు గాల్లో టికెట్ చింపినట్టు చెయ్యి తిప్పి, "రైట్, రైట్!" అని అరిచాడు.

కాసేపటికి ఆయనకు దిగులు పట్టుకుంది. "ఇదిగో, మిగిలిన కాయిన్లున్నాయిగా. ఆ అట్టలు బీరువాలో పెట్టి తాళం వెయ్యి."

కత్తెరమ్మ అట్టలన్నిటినీ కావాలనే బాగా కలిపి, మళ్లీ మేకుకే తగిలించింది. "ఎందుకండీ? దొంగ వచ్చినా వాడికి కటింగ్ రావాలి కదా."

మర్నాడు పొద్దున నీలం చొక్కా మీద మొదటి కాజా నాలుగు లెక్కపెట్టేలోగా పడింది. ఆవిడ దాన్ని వెలుగులోకి పట్టి చూసింది, గోరుతో గీకి చూసింది, కాస్త అసూయ పడింది కూడా. ఎనిమిదీ అయ్యాక, సూది గుచ్చుకోకుండా ముప్ఫై ఏళ్లుగా నడిమివేలికి తొడుక్కుంటున్న ఇనుప టోపీని తీసి అట్టల పక్కన మేకుకు తగిలించింది. మొగుడు తెచ్చిన టీ గ్లాసును ఎడమచేత్తో అందుకుంది. కుడిచేతికి ఆ రోజు సెలవిచ్చింది.