మనలి వైపు కిటికీ

మా పెద్దమ్మ రాజలక్ష్మికి మనుషులు గుర్తుండరు. కన్న కూతురు నివేదితనే "ఎవరమ్మా నువ్వు, బాగా చూసుకుంటుండావు" అని మెచ్చుకుంటుంది. ఒక్క మా అమ్మ పంకజం మాత్రం గుర్తుంది. అదీ కిటికీలో కనిపిస్తేనే. ఈ చివరి సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది.

అక్కచెల్లెళ్ళిద్దరూ అన్నదమ్ముల్ని చేసుకుని, చూలైలో ఒకే ఇంట్లో చెరో వాటాలో కాపురం పెట్టారు. రెండు వంటిళ్ళ మధ్య గోడలో చిన్న కిటికీ. మా ఇంటి మాటల్లో జన్నల్. పచ్చడి గిన్నెలూ వీధి కబుర్లూ దాంట్లోంచే అటూ ఇటూ పోయేవి. దీపాలు పెట్టే వేళ దానికి చెరో పక్కన నిలబడి ఒకరు ఒక చరణం, ఇంకొకరు తర్వాతి చరణం పాడుకునేవాళ్ళు. మతిమరుపు ముదిరాక నివేదిత పెద్దమ్మను ఊరి అవతల మనలిలో తన ఇంటికి తీసుకెళ్ళి, మంచానికి ఎదురుగా గోడకు ఒక టాబ్లెట్ తగిలించింది. మొదటి సాయంత్రం దాంట్లో అమ్మ ముఖం కనబడగానే పెద్దమ్మ లేచి కూర్చుంది.

"వస్తివా జన్నల్ కాడికి?"

అప్పట్నించీ రోజూ పాట, పాట మధ్యలోనే అన్నం. మొదటి ముద్ద పెద్దమ్మ ఆ అద్దం వైపు చాస్తుంది. ఇక్కడ చూలైలో తన టాబ్లెట్ ముందు అమ్మ నోరు తెరిచి, ఉత్తుత్తిగా నమిలి, "బాగుండాదక్కా" అంటుంది. నేను అట్టపెట్టెల మిషను ఆపేసి గుమ్మంలో కూర్చుని చూస్తుంటాను. ఆ కాసేపూ గోడకు అవతల పెద్దమ్మ వాటాలో గాజులు కదులుతున్నట్టే ఉంటుంది. అక్కడున్నవి నా పెట్టెలేనని తెలిసినా లేచి చూడబుద్ధి కాదు.

చిక్కల్లా మా వీధి తవ్వకాలతోనే. కాలవకని ఒకరు, కరెంటుకని ఒకరు తవ్వుతారు. ఎవరి పారైనా సరే, మా ఇంటర్నెట్ తీగ మీదే పడుతుంది. బొమ్మ ఆగిపోయిందంటే పెద్దమ్మ, "పంకజం జన్నల్ మూసేసింది, నామీద కోపం" అని గోడవైపు తిరిగి పడుకుంటుంది. అన్నం ముట్టదు. మనిషి చిక్కి సగమైంది. ఇలాగే సాగితే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సి వస్తుందన్నాడు డాక్టరు. ఆ మాట విన్న రోజు అమ్మ కూడా అన్నం తినలేదు.

మర్నాడే అమ్మను తీసుకుని పెరంబూరులో చంద్రు కంప్యూటర్ల అంగడికి వెళ్ళాను.

"ఇది చూడన్నా" అని చంద్రు ఒక రౌటరు ముందు పెట్టాడు. "తీగ తెగినా లోపల సిమ్ము ఉండాది, అది అందుకుంటుంది. తీగ ఏ కంపెనీదో సిమ్ము ఆ కంపెనీది మాత్రం వద్దు. వాళ్ళకు జబ్బు చేస్తే రెండూ కలిసి పడుకుంటాయి. కరెంటు పోతే నిలబడేదానికి చిన్న బ్యాటరీ కూడా పెట్టుకో."

నాకు పక్కనే కొమ్ములు కొమ్ములుగా ఉన్న ఇంకోటి నచ్చింది. అమ్మ రెంటినీ తడిమి చూసి ఒక్కటే అడిగింది. "తీగ నించి సిమ్ముకి మారేటప్పుడు పాట ఆగతాదా?"

"గుక్క తిప్పుకునేంత సేపమ్మా, అంతే."

"సరి. మా అక్క గుక్క తిప్పుకునేదానికి ఆగతాది కదా, దీనికీ ఆగతాదిలే. ఇదే ఇయ్యి."

ఏ కంపెనీ సిగ్నల్ బాగుందో తేల్చడానికి ఇంట్లోవీ పక్కింటివీ ఫోన్లు పోగేసుకుని ఇద్దరం మూలమూలా తిరిగాం. అమ్మ ఫోన్లు హారతి పళ్ళెంలా పట్టుకుని నడిచింది. సిగ్నల్ అన్నింటికన్నా బాగా అందింది పాత జన్నల్ గట్టు మీదే. రౌటరు అక్కడే పెట్టాం. ఆ వారమే మళ్ళీ పార పడింది. రౌటరు మీద పచ్చ దీపం పోయి నీలం దీపం వచ్చింది. బొమ్మ ఒక్క గుక్క ఆగి కదిలింది. పెద్దమ్మ చరణం అందుకుని, గిన్నె ఖాళీ చేసింది. నాకు రౌటరును ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఆయుధపూజ వచ్చింది. మిషను తుడిచి, కత్తులకూ కత్తెరలకూ గంధం పెట్టి లోపలికి వచ్చేసరికి పూజ పీట మీద బొరుగులూ బెల్లమూ పక్కన రౌటరు ఉంది. గంధం, కుంకుమ, పైన బంతిపువ్వు. దాని మీద ఏ దీపమూ వెలగడం లేదు.

"ఏందిమ్మా ఇది?"

"పొద్దూ మాపూ పని చేస్తుండాది కదరా, దానికి మాత్రం ఒక దినం సెలవు వద్దా? నివేదితకు కూడా చెప్పినా, ఆడ గోడ మీదదాన్ని పూజలో పెట్టమని."

పూజలో పెట్టిన పనిముట్టు మర్నాడు మళ్ళీ హారతి ఇచ్చేదాకా ముట్టకూడదు. మా తాతల నాటి నియమం.

"మరి పెద్దమ్మ?"

"మనమే పోదాం. మనిషే ఎదురుగా వస్తే ఇంక జన్నల్ ఎందుకురా?"

నిజమే అనిపించింది. మనలి చేరేసరికి సన్నగా తుంపర, దీపాల వేళ. అమ్మ నేరుగా వెళ్ళి మంచం అంచున కూర్చుంది. పెద్దమ్మ మర్యాదగా నవ్వింది.

"ఎవరీమె? పూజకొచ్చినారా? తాంబూలమియ్యమ్మా."

అమ్మ పాడింది. పెద్దమ్మ వినలేదు. ఖాళీ గోడనే చూస్తోంది. "పంకజం రాలే. జన్నలే పీకేసినారు" అని అటు తిరిగి పడుకుంది. నివేదిత కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నా ఫోన్లో అమ్మ బొమ్మ చూపించాను. "అగ్గిపెట్టెలో ఎట్ల పడతాది మా పంకజం?" అని చెయ్యి విదిలించింది.

నాకు ఒళ్ళు మండింది. పీట మీదున్న టాబ్లెట్ కోసం చెయ్యి చాచాను.

"వద్దురా" అని, అమ్మ లేచి బయటికి వెళ్ళిపోయింది. ఏడవడానికేమో అనుకున్నాను.

మంచం పక్కన కిటికీ తలుపు టకటకమంది. ఫ్యాక్టరీల వాసనకు జడిసి నివేదిత ఎప్పుడూ తెరవని తలుపు అది. గడియ తీశాను. బయట తుంపరలో, తల మీద కొంగు కప్పుకుని, ఊచలు పట్టుకుని అమ్మ నిలబడి ఉంది. మొదటి చరణం ఎత్తుకుంది.

పెద్దమ్మ ఇటు తిరిగింది. "తెరిస్తివా?"

"నేనెప్పుడు మూసినానక్కా?"

రెండో చరణం పెద్దమ్మ పాడింది. నివేదిత గిన్నె ముందు పెట్టింది. రోజూ చేసినట్టే పెద్దమ్మ మొదటి ముద్ద తీసి కిటికీ వైపు చాచింది. రోజూ చేసినట్టే అమ్మ నోరు తెరిచింది. చెయ్యి ఊచలు దాటింది. ముద్ద అమ్మ నోట్లో పడింది.

అమ్మ నమలలేదు. పెద్దమ్మ వేళ్ళను అలాగే చెంపకు అదిమి పట్టుకుంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. తర్వాతి చరణం అమ్మది. నోటినిండా అన్నం. పాట గుక్క తిప్పుకునేంత సేపు ఆగింది.

ఆ చరణం కూడా పెద్దమ్మే అందుకుంది.