వడగళ్లు మోసిన కాగితం

పొద్దున్నే ఓర్సోలా పొయ్యి రాజేసి, చిక్కుడు గింజల చారు ఎక్కించి, మేడ మీద అద్దె గదికేసి కేకేసేది.

"సిన్యోర్ జోనా! బట్టలారేశాను. సరస్సు మీద మబ్బు పట్టింది, కాస్త తీసెయ్యండి!"

జోనాస్ వెల్బీ ఇంగ్లండు నుంచి వచ్చిన నీటిరంగుల చిత్రకారుడు. ఆయన ఏ మబ్బును కాగితం మీదికి దించితే అది ఇక ఆకాశంలో ఉండేది కాదు. ఇటలీలోని ఆ నేమి ఊళ్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లు ముందే వచ్చి చెప్పిపోయేవారు. వాన కావలసినవాళ్లు భోజనానికి పిలిచి, ఆయన కుంచె ముట్టకుండా చూసుకునేవారు.

ఆ ఏడు ద్రాక్షకోత ముందర జోనాస్ ప్రయాణం కట్టాడు. తోటి చిత్రకారుడు ప్రైస్ నేపుల్స్‌కి బండి మాట్లాడాడు. భర్త పోయాక ఓర్సోలాకి వాలు మీది ద్రాక్షతోటే ఆధారం. జోనాస్ వెళ్తున్నానంటే ఆమె ఎండు అంజూరాలు మూటగట్టి ఇచ్చి, పొయ్యి పొగని తిట్టుకుంటూ కళ్లు తుడుచుకుంది.

పెట్టెలు బండికెక్కిస్తుండగా కొండ వెనక నల్లటి మబ్బు లేచింది. పొరుగింటి నూన్సియా పరుగెత్తుకొచ్చింది.

"వడగళ్లే! నీ తోట మీదికే! ఆయన్ని అడగవే!"

"బండెక్కే మనిషిని ఏమని అడగనే?"

జోనాస్ అప్పటికే రంగుల పెట్టె విప్పుతున్నాడు.

"పిచ్చా నీకు?" అన్నాడు ప్రైస్. "లండన్‌లో అందరికీ ఇటలీ ఎండే కావాలి. ఈ గాలివాన ఎవడు కొంటాడు?"

"అమ్మడానికి కాదులే."

పిట్టగోడ మీద కాగితం పరిచి, నీలిమందులో దీపపు మసి కలిపి పూశాడు. మబ్బు చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. ఓర్సోలా పక్కనే నిలబడి నీళ్లు మార్చింది. ఆఖరి అంచు దించేసరికి తోట మీద ఎండ కాసింది. ఒక్క గుత్తీ రాలలేదు.

ప్రైస్ కాగితం తియ్యబోతే కదల్లేదు. బండివాడూ నూన్సియా కలిసి పట్టినా అంతే. లోపల వడగళ్లు గలగలమన్నాయి.

"ఇది వదిలి రాలేను," అన్నాడు జోనాస్. "ఇంత మంచి బొమ్మ నా చేత్తో ఎప్పుడూ వెయ్యలేదు."

"అయితే కరిగేదాకా కాపలా కాసుకో," అని ప్రైస్ అతని పెట్టెలు దించి బండెక్కాడు.

చలికాలమంతా ఆ కాగితం బొట్లు బొట్లుగా కారింది. ఓర్సోలా కింద బాన పెట్టి ఆ నీళ్లతోనే బట్టలుతికింది. ఈస్టర్ దగ్గరపడ్డాక ఒక పొద్దున జోనాస్ దాన్ని రెండు వేళ్లతో ఎత్తాడు.

"తేలికైపోయింది," అన్నాడు దిగులుగా.

ఓర్సోలా అతని చేతిలోంచి తీసుకుని, తన పడకగదిలోకి వెళ్లి, మంచానికి ఎదురుగా మేకు కొట్టి తగిలించింది.

"ఇక్కడైతే, లేవగానే మీకు కనిపిస్తుంది," అంది.