నవ్వుకు యాభై ఏళ్లు

రేడియోలో మొదటి హాస్య నాటిక ప్రసారమై యాభై ఏళ్లు నిండుతున్నాయని, ఆ స్వర్ణోత్సవ సభలో మీరు వేదిక మీదికి వచ్చి నవ్వాలని, స్టేషన్ నుంచి ఒక ప్రొడ్యూసరమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. రిటైరైన ఎలక్ట్రీషియన్ సరేనన్నాడు. తన వయసువాళ్లను మాట్లాడమనో, పాత సంగతులు చెప్పమనో పిలవడం ఎరుగును. నవ్వమని పిలవడం ఎక్కడా వినలేదు.

ఆ నాటిక చరిత్ర అందరికీ తెలిసిందే, కొంత తప్పుగా. అద్దె ఇంట్లో భార్యాభర్తల అవస్థల మీద రాసిన హాస్యం అది. మొదటి రెండు భాగాలూ విన్న శ్రోతలు ఆ దంపతులకు సానుభూతి తెలుపుతూ ఉత్తరాలు రాశారు. ఒక పెద్దాయన తన పెరట్లో గది ఖాళీగా ఉందని, ఎప్పుడైనా వచ్చి చేరవచ్చని రాశాడు. అది హాస్యమని జనానికి తెలియాలంటే ముందు ఎవరో నవ్వి చూపించాలని డైరెక్టరు తేల్చాడు. ఆఫీసులో ఖాళీగా ఉన్నవాళ్లందరినీ స్టూడియోలోకి తోలి, మైకు చుట్టూ నిలబెట్టి, తను చెయ్యెత్తినప్పుడు నవ్వమన్నాడు. వాళ్లు పై అధికారి జోకుకు నవ్వినట్టు నవ్వారు. అందరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆపేశారు.

అదే సమయంలో స్టూడియో బయట నిచ్చెన మీద నిలబడి ఎలక్ట్రీషియన్ తలుపు పైనున్న ఎర్ర దీపం బాగుచేస్తున్నాడు. ఉద్యోగంలో కొత్త. ఉత్త చేత్తో తీగ పట్టుకున్నాక గాని ఫ్యూజు తియ్యలేదని గుర్తు రాలేదు. చెయ్యి వెనక్కి తీసుకునే లోపే జరగాల్సింది జరిగిపోవాలి. ఏమీ జరగలేదు. ఆ లైనును ఎలుక ఎప్పుడో కొరికేసింది. నిచ్చెన దిగి, ఎవరితోనైనా చెప్పుకుందామని తలుపు తోశాడు. లోపల ఇంతమంది గుమాస్తాలు వరసగా నిలబడి, సంతాప సభలో ఉన్నట్టు ముఖాలు పెట్టుకుని, హహహ అంటున్నారు. అప్పుడు నవ్వాడు. మిగతావాళ్లు నోళ్లు మూసుకుని ఆయన్నే చూస్తూ ఉండిపోయారు. టేపు తిరుగుతోంది.

ఆ ముక్కను కత్తిరించి దాచారు. తర్వాతి నాటికలన్నిటికీ దాన్నే అతికించారు. టీవీ వచ్చాక టీవీకీ ఇచ్చారు. పళ్లపొడి ప్రకటనలో వచ్చింది, ఎన్నికల ప్రచారంలో వచ్చింది, చివరికి ఫోన్లలోకీ ఎక్కింది. టేపులు కోసేవాళ్ల భాషలో దాని పేరు పెద్ద నవ్వు. ఇక్కడ పెద్ద నవ్వు వెయ్యి అంటే కుర్ర ఉద్యోగికి కూడా అర్థమయ్యేది. అది ఫలానా మనిషిదని మాత్రం వాళ్లకు తట్టేది కాదు.

ఒక మనిషి నవ్వును తీసి డబ్బాలో పెట్టి తనకే రోజూ వినిపిస్తే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. క్యాంటీన్‌లో ఆయన ఎప్పుడైనా నవ్వితే, టేపులో ఇంకా బాగుంటుందని పక్కవాళ్లు అనేవారు. పరిహాసమే. కాని ఆనాటి నుంచి నవ్వు గొంతులోకి రాగానే ఆయన దాన్ని వినడం మొదలుపెట్టాడు. మెట్లు దిగేవాడు తన కాళ్లను తనే గమనిస్తే కాలు తడబడుతుంది. తనను తాను వినే నవ్వు సగం దారిలో ఆగి, ఇది నేనేనా అని అడిగి, వెనక్కి వెళ్లిపోయేది. కొన్నేళ్లకు అసలు బయల్దేరడమే మానేసింది. గంభీరమైన మనిషని ఆయనకు పేరు వచ్చింది. ఆ పేరును కూడా ఆయన గంభీరంగానే తీసుకున్నాడు.

ఇదంతా భరించవచ్చు, పెళ్లి సంగతి లేకపోతే. అదే స్టేషన్‌లో గుమాస్తాగా ఉన్న బావమరిది తన చెల్లెలికి సంబంధం చెబుతూ, రేడియోలో నవ్వుతాడే, ఆ అబ్బాయే అన్నాడు. ఆమెది పెద్దగా నవ్వితే తండ్రి కేకలేసే ఇల్లు. అబ్బాయిని చూడకముందే ఒప్పుకుంది. ఆయన మనసులో ఈ విషయానికి ఒకటే అర్థం మిగిలింది: ఆమె చేసుకున్నది టేపును. తను దానితోపాటు వచ్చిన డబ్బా. కూరలు తరుగుతున్నప్పుడు టీవీలో ఆ నవ్వు వినిపిస్తే ఆమె కత్తి ఆపి తలెత్తేది. మగవాడికి సవతి అంటూ ఉంటే ఇలాగే ఉంటుందని ఆయన అనుకునేవాడు. మీరెందుకు నవ్వరని ఆమె ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఆ అడగకపోవడమే ఆయన చెవిలో ఫిర్యాదులా మోగేది.

అందుకే సరేనన్నాడు. ఒక్కసారి, తన నోటితో, ఆమె ముందు వరసలో కూర్చుని ఉండగా, ఆమెకు ఇవ్వవలసింది ఇచ్చేయాలి.

సాధన మొదలుపెట్టాడు. స్నానాలగదిలో కుళాయి తిప్పి, అద్దంలో చూసుకుంటూ నవ్వాడు. నీళ్లందని మోటారు గాలి పీల్చినట్టు వచ్చింది. బయట నుంచి భార్య, జారిపడ్డారా అని అడిగింది. మర్నాడు మీటరు పెట్టె దగ్గర నిలబడి ఇంకో ప్రయోగం చేశాడు. ఫ్యూజు తీసి తీగ పట్టుకుంటే భయం వెయ్యలేదు, నవ్వూ రాలేదు. ఫ్యూజు తియ్యకుండా పట్టుకునే అమాయకత్వం ఎప్పుడో పోయింది.

చూడ్డానికి వచ్చిన బావమరిదికి సంగతి చెప్పక తప్పలేదు.

"నవ్వు రావడం లేదు."

"నిన్ను చూసి మాకొస్తోంది కదా, అందులోంచి కాస్త తీసుకో బావా."

"వేళాకోళం కాదు. అందరూ వస్తారు. నీ చెల్లెలూ వస్తుంది."

బావమరిది ఒక క్షణం చెల్లెలున్న వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "నీ నవ్వు చూపించే కదా దాన్ని నీకు కట్టబెట్టింది. ఇన్నేళ్లయ్యాక సరుకు వాపసంటే నేనెక్కడ పెట్టుకోను? ఏదోలా నవ్వి రా."

సభ రోజున, వేదిక వెనక గదిలో ప్రొడ్యూసరమ్మాయి ఒకసారి నవ్వి చూపించమంది. చూపించాడు. ఆ అమ్మాయి చాలా మర్యాదగా చివరిదాకా విని, పక్కనున్న సౌండింజనీరు ముఖంలోకి చూసింది. అతను తన చెప్పుల్లోకి చూసుకున్నాడు.

"మీరు శ్రమ పడొద్దు బాబాయ్‌గారూ. పాత నవ్వే వేస్తాం. మీరు మైకు దగ్గర నోరు తెరిచి భుజాలు కాస్త కదిపితే చాలు."

"ముందు వరసలో వాళ్లకు తెలిసిపోదూ?"

"తెలీదండీ. ఇందాక పాడినావిడా అంతే."

అవమానం కలుగుతుందని ఆయన ఎదురుచూశాడు. ముందుగా వచ్చింది హాయి. ఆ హాయికి వెంటనే సిగ్గు వేసింది. ఇంకా సిగ్గు పడగలుగుతున్నందుకు మళ్లీ కొంచెం హాయి కలిగింది. ఈ మూడూ తేలేలోపు ఆయన్ను వేదిక మీద నిలబెట్టారు.

నవ్వు ఆయుష్షును పెంచుతుందని ముఖ్య అతిథి చాలాసేపు చెప్పాడు. అంతసేపూ సభలో ఎవరూ నవ్వలేదు. తర్వాత దీపాలు తగ్గించి ఆయన ముఖం మీద ఒక్క వెలుగు వేశారు. ఆయన నోరు తెరిచాడు. బతికి బయటపడ్డ కుర్రవాడి నవ్వు ఆ ముసలి నోట్లోంచి హాలంతా పొంగింది. జనం లేచి నిలబడి నవ్వుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. భుజాలు కదుపుతూ ఆయన ముందు వరసలోకి చూశాడు. భార్య నవ్వడం లేదు. ఆయన ముఖంకేసి కూడా చూడటం లేదు. దానికి కాస్త కింద ఎక్కడో చూస్తోంది.

తిరుగు బస్సులో ఆయన ఒళ్లో జ్ఞాపిక పెట్టుకుని కూర్చున్నాడు. దాని మీద హాస్య కళాకారుడు అని చెక్కారు. రెండు స్టాపులు దాటాక, ఎలా ఉందని అడిగాడు. బాగుందని, ఎప్పట్లాగే ఉందని ఆమె అంది. ఇంకో స్టాపు దాటింది.

"టేపు వేశారు కదూ?"

ఆయన అబద్ధం వెతుక్కున్నాడు. దొరకలేదు. "ఎలా తెలిసింది?"

"మీ చొక్కా బొత్తాలు కదల్లేదు. అంత నవ్వు నవ్వేవాడికి పొట్ట కదలదా?"

అప్పుడు మొత్తం చెప్పుకొచ్చాడు. స్నానాలగది, మీటరు పెట్టె, ఒక్కసారి ఆమెకు వినిపించాలనుకోవడం, ఆమె కత్తి ఆపి తలెత్తడం, అన్నీ. ఆమె మధ్యలో అడ్డు రాకుండా విన్నది. టీవీ శబ్దం ఎక్కువైందేమోనని తలెత్తేదాన్నని మాత్రం అంది.

"ఆ నవ్వు కోసమే కదా నన్ను చేసుకున్నావు?"

"అవును. ఆ మోజు వారం రోజులే. తర్వాత అసలు సంగతి తెలిసింది."

"ఏం సంగతి?"

"మీరు నిద్రలో నవ్వుతారు."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె ఎగతాళి చెయ్యడం లేదు.

"టేపులో లాగా కాదు. సన్నగా, ముక్కులోంచి వస్తుంది. ఇంట్లో తెలీకుండా ఏదో తినేసిన పిల్లాడిలా. రోజూ కాదు, అప్పుడప్పుడు. మా అన్నయ్యక్కూడా చెప్పలేదు."

"నాకైనా చెప్పాలి కదా."

"చెబితే మానేస్తారు. మీ సంగతి నాకు తెలీదూ?"

"మరిప్పుడెందుకు చెప్పావు?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. "నోరు తెరుచుకుని అలా నిలబడితే చూళ్లేకపోయాను" అంది.

ఆయనకు చాలా సంతోషం కలిగింది. ఇన్నేళ్లూ ఆమెకు దక్కలేదనుకున్నది దక్కుతూనే ఉంది. ఇవ్వడానికి తను ఏమీ చెయ్యలేదు కూడా. ఆ సంతోషంతోనే పడుకున్నాడు. పడుకున్నాక, ఇప్పుడు నవ్వుతానేమో చూద్దామనుకున్నాడు.

అనుకోకుండా ఉండాల్సింది. అప్పటి నుంచి ఆయన నిద్రలోకి ఒంటరిగా వెళ్లలేదు. ఒక కాపలావాడిని వెంటబెట్టుకుని వెళ్లేవాడు. ఆ కాపలావాడు చెవి రిక్కించి మంచం పక్కనే కూర్చునేవాడు. పొద్దున లేచి, కాఫీ వంపుతున్న భార్యను, నిన్న నవ్వానా అని ఆయన అడిగేవాడు. నవ్వారని ఆమె చెప్పేది. మొదట్లో ఆ జవాబు ప్రశ్న పూర్తికాకముందే వచ్చేది. తర్వాత్తర్వాత కాఫీ వంపడం అయ్యాక వచ్చేది.

ఒక పొద్దున ఆయన అడగలేదు. గ్లాసు అందుకున్నాడు. ఆమె కాసేపు ఆగి చూసింది.

"నిన్న నవ్వారు" అంది. "చాలా బాగా నవ్వారు."

నిద్రలో నవ్వుకు బాగా అన్న మాట ఆమె ఎప్పుడూ వాడలేదు. ఆయన తలూపి, కాఫీ ఊదుకుని తాగాడు.