దశరథరామయ్యగారి తాళం

సింగపూర్‌లో సెంబవాంగ్‌లోని ఆ పదో అంతస్తు ఫ్లాట్‌లో ఆదివారం సాయంత్రం పాట మొదలైందంటే భానుమతి వంటింట్లోంచే చెవి ఒగ్గి వినేది. పదకొండేళ్ల అలవాటది. ఈ మధ్య మాత్రం పొయ్యి కట్టేసి మరీ వింటోంది.

ఆ పాట వాయించే బృందం ఎలా పుట్టిందంటే, ఆమె భర్త దశరథరామయ్య షిప్‌యార్డులో పనిచేసే రోజుల్లో, తోటి అమెరికా ముసలాయన ఒకడు ఆయనకు బ్లూగ్రాస్ పిచ్చి ఎక్కించాడు. వాళ్ల కొండల్లో పుట్టిన బాణీ. అన్నీ తీగల వాయిద్యాలే, డ్రమ్ములుండవు. కుర్రతనంలో రాజమండ్రి పెళ్లి ఊరేగింపుల్లో మాండలిన్ వాయించిన మనిషి, వదులుతాడా! వుడ్‌ల్యాండ్స్‌లో ఉండే హైదరాబాదీ లియాఖత్ బాంజో కొనుక్కొచ్చాడు. యూనివర్సిటీలో రీసెర్చి చేసే ఉదయశ్రీ చిన్నప్పటి వయొలిన్ దుమ్ము దులిపింది. మలేషియాకు వెళ్లే కాజ్‌వే వంతెన పేరు కలిపి 'కాజ్‌వే గ్రాస్' అని పేరు పెట్టుకుని, ఆ బాణీలో మోహన రాగం కలిపారు, ఏడక్షరాల తాళం కలిపారు. "ఇదేం బ్లూగ్రాస్?" అని మూతి విరిచినవాళ్లే రెండో ఏడు ముందు వరస కుర్చీల్లో టిష్యూ ప్యాకెట్లు పడేసి, ఇక్కడివాళ్ల మాటలో 'చోప్' చేసి, సీట్లు ఆపుకున్నారు.

డ్రమ్ములు లేనిచోట తాళమంతా మాండలిన్‌దే. ఆయన కుడిచెయ్యి టక్కుటక్కుమంటుంటే మిగతా ఇద్దరూ దాన్ని పట్టుకుని నడుస్తారు. ఇప్పుడా టక్కు మందగిస్తోంది.

ఓ ఆదివారం భానుమతి గడియారం చూసింది. మొదటి ఏటి రికార్డింగులో మూడు నిమిషాల్లో అయిపోయిన పాట అయిదు నిమిషాలు పట్టింది. అయినా ఎవరూ తాళం తప్పలేదు. అంటే ముగ్గురూ కలిసే నెమ్మదించారన్నమాట.

లిఫ్టు దగ్గర లియాఖత్‌ను పట్టుకుంది.

"ఎన్నాళ్ల నుంచి నాయనా?"

"ఏంది ఆంటీ?"

"నా దగ్గర ఆ అమాయకపు మొహం పెట్టకు."

అతను నేల చూపులు చూశాడు. "రెండేండ్లాయె. ఆయన నెమ్మదైతే మేం గూడ నెమ్మదైతున్నం. మాకు నేర్పిన పెద్దమనిషి. స్లో అయితున్రు అంకుల్ అని ఎట్లంటం? నోరు రాలే."

"మొన్న మీ ఇంటి నుంచి బయల్దేరి, ఇటు రావలసిన మనిషి అటు చోవా చూ కాంగ్‌లో తేలారయ్యా. ట్రెయినే తప్పుగా వచ్చిందన్నారు."

లియాఖత్ లిఫ్టు బటన్ మీంచి చెయ్యి తీశాడు. "డాక్టర్‌కు చూపెట్టుండ్రి ఆంటీ. జల్ది."

"చూపిస్తే ఆ మాండలిన్ మూలన పెట్టమంటారేమో. అది లేకపోతే ఆ మనిషిలో ఇంకేం మిగులుతుంది? శనివారం ప్రోగ్రాం కానివ్వు. తరవాత నేనే చెబుతా."

శనివారం సాయంత్రం వుడ్‌ల్యాండ్స్ హాలు నిండింది. దశరథరామయ్య మహా హుషారుగా ఉన్నాడు.

"ఏమోయ్ నవాబూ, మకాన్ అయిందా, తిండి తిన్నావా? ఆ నూనె చేతుల్తో బాంజో ముట్టకు!"

"మీ ఇంటి బజ్జీల నూనెనే అంకుల్ ఇది!"

అందరూ నవ్వారు. భానుమతికి నవ్వు రాలేదు.

వాళ్ల పద్ధతిలో వేదిక మధ్య ఒకటే మైకు. ఎవరి వంతు వస్తే వాళ్లు ముందుకొచ్చి వాయించి, వెనక్కి తగ్గి పక్కవాళ్లకు చోటివ్వాలి. బాంజో వచ్చి వెళ్లింది, వయొలిన్ వచ్చి వెళ్లింది. మాండలిన్ ముందుకొచ్చింది. చక్కగా వాయించాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఆయన వెనక్కి తగ్గలేదు. అదే ముక్క మళ్లీ వాయించాడు. కొత్త సరదా అనుకుని జనం ఈలలు వేశారు. మూడోసారి, నాలుగోసారి. అంతకంతకూ నెమ్మది. మిగతా ఇద్దరూ అణకువగా, అంతే నెమ్మదిగా, ఆయన వెంటే. ఈలలు ఆగిపోయాయి. ఎవరో దగ్గారు. ఉదయశ్రీ వయొలిన్ కమాను ఆడిస్తూనే భానుమతి వైపు చూసింది. ఆ పిల్ల బుగ్గల మీద కన్నీళ్లు.

భానుమతి లేచి వేదిక అంచు దాకా నడిచింది. "ఆపండమ్మా" అంది. "ఇంక ఆయన్ని మొయ్యకండి."

వయొలిన్ ఆగింది. బాంజో ఆగింది. మాండలిన్ ఒక్కటే మిగిలింది. టక్కు... చాలాసేపటికి మరో టక్కు. రెండేళ్లుగా వాళ్లు కప్పిపెట్టినదంతా హాలంతా విన్నది.

దశరథరామయ్య తలెత్తి చూశాడు. "ఎందుకాపారర్రా? ఇప్పుడేగా మొదలెట్టాం!"

భానుమతి చెయ్యి చాచింది. ఆయన మాండలిన్‌ను గుండెకు హత్తుకుని ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు, ఎంతో మర్యాదగా.