తొమ్మిదో నంబరు బిళ్ళ

ఆ రోజు, ఇప్పుడు మ్యూజియంగా మారిన ఆ పాత జైల్లో ఉన్నది పద్దెనిమిది మంది. పదహారు మంది బడి పిల్లలు, వాళ్ళ టీచరు మిసెస్ గార్బట్, విక్టోరియా రాణి కాలపు కాపలాదారు వేషం కట్టిన మార్‌ఫ్లీట్ గారు. పోస్ట్‌మన్‌గా రిటైరయ్యాక ఆయనకు అదే పని. ఆనాటి నేరాలూ శిక్షలూ ఎలా ఉండేవో పిల్లలకు చేసి చూపించేవాడు.

పిల్లల్లో హెట్టీ ఒకతె. పోయినేడాది మేనమామ ఇంట్లో బొగ్గుల గది తలుపు మూసుకుపోయి మూడు గంటలు చీకట్లో ఉండిపోయింది. అప్పటినుంచి స్నానాల గదికి కూడా గడియ పెట్టుకోదు. అందుకే వాళ్ళమ్మ టీచరుకు చీటీ రాసి పంపింది.

“తొమ్మిదో నంబరు గది తలుపు మాత్రం వెయ్యకండి,” అని టీచరు ఆయన చెవిలో చెప్పింది. ఆయన అరచేతిలో పెన్నుతో 9 రాసుకున్నాడు. తన మెడలో వేసిన బిళ్ళ మీదా అదే అంకె. అది చూసి హెట్టీ మనసు కుదుటపడింది.

“ఈ గడప దాటాక మీకు పేర్లు లేవు. మెడలో బిళ్ళ మీది నంబరే మీరు, మీ గదీ అదే,” అన్నాడు ఆయన గొంతు పెంచి. “నోరు విప్పకూడదు. ఇంకో మాట. ఇక్కడికొచ్చిన ప్రతి దొంగా ‘నేను వాణ్ణి కాదు, ఇంకొకణ్ణి’ అన్నవాడే. ఒక్కణ్ణీ నమ్మలేదు.”

అంతలో రోవన్ అనే కుర్రాడికి కడుపులో తిప్పింది. టీచరు వాణ్ణి తీసుకుని బస్సు దగ్గరకు వెళ్ళింది.

“ఏయ్, నీది తొమ్మిదా?” అంటూ వెనకనుంచి డెక్స్‌టర్ గుసగుసలాడాడు. “బంతాటలో నా నంబరు అదేగా. ఇటివ్వు.” ఆమె తల అడ్డంగా ఊపేలోపే బిళ్ళ లాగేసుకుని, తన పదహారు ఆమె మెడలో వేశాడు. “ఏమైంది, ఏడుస్తావా?”

ఆయనకు నా ముఖం గుర్తుంటుందిలే అనుకుంది హెట్టీ. నడవలోకి వచ్చాక గుర్తొచ్చింది. టీచరు నంబరే చెప్పింది గాని తనను చూపించలేదు.

తలుపులు ఒక్కొక్కటే పడుతున్నాయి. ప్రతి దెబ్బకూ నేల రాళ్ళు అదరడం పాదాలకు తెలుస్తోంది. తొమ్మిది దగ్గర ఆయన అరచేయి చూసుకుని, తలుపు బార్లా తెరిచి ఉంచి, డెక్స్‌టర్‌కు కన్ను గీటాడు. ఎందుకో అర్థంకాక వాడు పళ్ళికిలించాడు.

పది. పదకొండు. పన్నెండు.

హెట్టీ చేయెత్తింది.

“దించు, పదహారు.”

చివరి గదిలో కిటికీ లేదు. గోడలు తడిగా ఉన్నాయి. లోపలికి అడుగు పెట్టి, ఆమె ఆయన వైపు తిరిగింది.

“సార్... నేను పదహారు కాదు. తొమ్మిదిని.”

మార్‌ఫ్లీట్ గారి ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళలో తన పాఠాన్ని ఇంత శ్రద్ధగా విన్న పిల్ల ఆయనకు దొరకలేదు.

“భలే చేస్తున్నావమ్మాయ్,” అని మెచ్చుకుని, ఆయన తలుపు వేశాడు.