విశ్రామ్ చెప్పడం మరిచిన పూట

నాచారంలోని ఆ ప్రైవేటు బడిలో కామరాజుకు ఉన్నంత తీరిక ఇంకెవరికీ లేదు. ఆయన పీటీ సారు. పరీక్షలు దగ్గరపడితే పీటీ పీరియడ్లను లెక్కల టీచర్లు పట్టుకుపోతారు. ఆ బడిలో పరీక్షలు ఎప్పుడూ దగ్గరే ఉంటాయి. అందుకే ప్రత్యేక అవసరాల పిల్లల్ని చూసుకునే చంద్రిక టీచర్ కాన్పుకు వెళ్ళగానే ప్రిన్సిపాల్ ఉమాపతి కళ్ళు కామరాజు మీద పడ్డాయి.

తనకు ఆ శిక్షణ లేదని కామరాజు మొత్తుకున్నాడు. ఉన్నది ఒక్క పిల్లే కదా అన్నాడు ఉమాపతి. ఆయన లెక్కలో పిల్లల సంఖ్యను బట్టి శిక్షణ అవసరమవుతుంది.

ఆ ఒక్క పిల్ల హరిణి. మూడో తరగతి. ఆటిజం. మాటలు రావు, మనం అన్నది మాత్రం అర్థమవుతుంది. కామరాజు మొదటిరోజు చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా, సాగదీసి తన పేరు చెప్పాడు. హరిణి చెవులు మూసుకుంది. విజిల్ వేశాడు. బల్ల కిందికి దూరింది. ఆయనకు వచ్చిన విద్యలు ఆ రెండే. రెండూ అయిపోయాయి.

గంట మోగితే గేటు వైపు పరుగెత్తే పిల్లను ఇక ఉంచుకోలేమని ఉమాపతి అప్పటికే తల్లితో చెప్పేశాడు. నెలాఖరు అసెంబ్లీలో అందరితో పాటు వరసలో నిలబడితే సరి, లేదంటే వేరే బడి చూసుకోవాలి. ఆ తల్లి సూర్యకళ ఉప్పల్‌లో బ్లౌజులు కుడుతుంది. బోడుప్పల్ నుంచి సైనిక్‌పురి దాకా బడుల గేట్లన్నీ చూసొచ్చింది. కూతుర్ని లోపలికి రానిచ్చింది ఇదొక్కటే.

కామరాజు చంద్రికకు ఫోన్ చేశాడు. పక్కన పసిబిడ్డ ఏడుస్తుంటే ఆవిడ ఒకే ముక్క చెప్పింది. పని మొదలైందని చెప్పండి, అయిపోయిందని కూడా చెప్పండి, రెండింటికీ రోజూ అవే మాటలు వాడండి అంది. అవే మాటలకు పీటీ సారుకు కొదవేముంది? సావధాన్ అంటే కాళ్ళు దగ్గరికి, చేతులు తొడలకు, ఇక కదలకూడదు. విశ్రామ్ అంటే కాళ్ళు ఎడంగా, ఇక ఫర్వాలేదు.

విజిల్ సొరుగులో పడేసి, ఖాళీ గ్రౌండులో హరిణి పక్కన తనూ నిలబడి, ఆ రెండు మాటలూ మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు హరిణి నిలబడింది. విశ్రామ్ అనగానే ఊపిరి వదిలి, ఆయన చొక్కా గుండీని ఒకసారి తాకి వెళ్ళిపోయేది. ఆ గుండీ కోసం కామరాజు పొద్దున్నే బడికి పరుగెత్తేవాడు. ఇంట్లోవాళ్ళు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు.

అసెంబ్లీ రోజు కామరాజు సావధాన్ అన్నాడు. హరిణి నిటారుగా నిలబడింది. ప్రార్థన, ప్రతిజ్ఞ, జాతీయగీతం అయ్యేదాకా కదల్లేదు. గేటు దగ్గర సూర్యకళ కొంగుతో కళ్ళు తుడుచుకుని, తృప్తిగా కుట్టుపనికి వెళ్ళిపోయింది. తర్వాత ఉమాపతి మైకు అందుకుని క్రమశిక్షణ గురించి మాట్లాడి, ఇక క్లాసులకు పొమ్మన్నాడు. పిల్లలు విశ్రామ్ కోసం ఆగుతారా, పిట్టల్లా ఎగిరిపోయారు. హరిణి పీటీ సారు దగ్గరుందనుకుంది క్లాస్ టీచర్. పీటీ సారు మాత్రం ఉమాపతి గదిలో ఉన్నాడు. ప్రిన్సిపాల్ గదిలో చాయ్ పీటీ సార్ల నుదుట రాసి ఉండదు కనుక, చప్పరిస్తూ తాగుతున్నాడు.

రెండో కప్పు వచ్చేసరికి ఉమాపతి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

“సూడున్రి సార్, ఇంకా గట్లనే నిలవడ్డది. గిదీ డిసిప్లిన్ అంటే” అని ఫోన్ తీసి ఫొటో కొట్టాడు.

కామరాజు కప్పు ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలియదు. మెట్లు దిగి పరుగెత్తాడు. ఎండలో హరిణి ఒక్కతే ఉంది. చెంపల మీద నీళ్ళు. గౌను తడిసిపోయింది. చేతులు మాత్రం తొడలకు అంటుకునే ఉన్నాయి.

“విశ్రామ్ తల్లీ. విశ్రామ్.”

కాళ్ళు ఎడంగా జరిగాయి. గుండీని మాత్రం తాకలేదు. కామరాజు సిగ్గుతో చితికిపోయాడు. తన మాటను అంతగా నమ్మేవాళ్ళు ఒకరుంటారని ఆయన ఏనాడూ అనుకోలేదు.

అడ్మిషన్ల సీజన్ రాగానే నాచారం చౌరస్తాలో బడి ఫ్లెక్సీ లేచింది. అందులో ఆ రోజు ఉమాపతి కొట్టిన ఫొటోలోని హరిణి ఉంది. ఫ్లెక్సీవాళ్ళు నడుం దాకానే ఉంచి మిగతాది కోసేశారు. కళ్ళలో నీరు ఎండకు మెరిసి నవ్వులా కనిపిస్తుంది. కింద ‘ప్రత్యేక శ్రద్ధే మా ప్రత్యేకత’ అని ఉంది.

దాని కిందే సూర్యకళ ఎదురైంది. తలెత్తి చాలాసేపు చూసింది.

“గిది నవ్వుడు గాదు సార్. ఏడుస్తున్నది.”

కామరాజు జరిగిందంతా చెప్పేశాడు. ఫ్లెక్సీ తీయించేస్తానని, ఉద్యోగం పోయినా సరేనని అన్నాడు.

“వద్దు సార్, ఉండనియ్యున్రి” అంది సూర్యకళ. “గది ఆడ ఉన్నన్ని దినాలు నా బిడ్డను బడిలకెల్లి తీసెయ్యరు.”

ఆమె అన్నట్టే అయింది. హరిణి ఇప్పుడు అసెంబ్లీలో చాప మీద కూర్చుంటుంది. ఉమాపతి చూసీ చూడనట్టు పోతాడు. గుండీ జోలికి మాత్రం ఆ పిల్ల మళ్ళీ రాలేదు.

కామరాజు రోజూ ఆ చౌరస్తాలో స్కూటర్ నెమ్మది చేస్తాడు. వెనకవాళ్ళు హారన్లు కొడతారు. ఆయన ఫ్లెక్సీ వైపు చూసి, ఎవరికీ వినపడకుండా, విశ్రామ్ అంటాడు.